నీరసంగా ఉన్నా సెలైన్ ఎందుకు పెట్టం? గుండె వార్డులో నీళ్ల లెక్క

"మూడు రోజుల నుంచి ముద్ద ముట్టలేదు సిస్టర్, మనిషి పూర్తిగా వాడిపోయాడు, ఒక్క సెలైన్ అయినా పెట్టండమ్మా."

గుండె వార్డులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, ఈ మాట వినని వారం లేదు. అడిగేవాళ్లను తప్పు పట్టలేను. మన ఊళ్లలో నీరసమొస్తే సెలైన్, జ్వరమొస్తే సెలైన్, విరేచనాలైతే సెలైన్. స్టాండుకి బాటిల్ వేలాడుతుంటే వైద్యం జరుగుతోందని ఇంటిల్లిపాదికీ ధైర్యం. ఇక్కడ చూస్తే హార్ట్ ఫెయిల్యూర్‌తో, అంటే బలహీనపడ్డ గుండెతో వచ్చిన మనిషి పడుకోలేక, రెండు చేతులూ మంచం మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుని ఊపిరి లాగుతుంటాడు. మేమేమో సెలైన్ పెట్టకపోగా లాసిక్స్ ఇంజెక్షన్ చేసి ఒంట్లో నీళ్లు బయటికి పంపిస్తుంటాం. ఎక్కించమంటే తోడేస్తున్నారేంటని కొడుకులకి కోపం వస్తుంది. ఆ కోపం రాకముందే కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతి ఇది, వార్డులో అంత తీరిక ఎప్పుడూ దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అర లీటరు నార్మల్ సెలైన్ బాటిల్లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషే రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే ఒక్క బాటిల్‌తో దాదాపు రోజంతటి ఉప్పూ, దాంతోపాటు అర లీటరు నీళ్లూ, పొట్టలోకి కూడా వెళ్లకుండా నేరుగా రక్తంలోకి చేరిపోతాయి. గుండె బాగున్నవాడికి ఫర్వాలేదు, కాసేపట్లో కిడ్నీలు సర్దుకుంటాయి. గుండె బలహీనపడ్డ మనిషికి ఆ బాటిల్ ఊపిరితిత్తుల్లోకే దారి వెతుక్కుంటుంది. మొన్న వేసవిలో మా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయనకి సరిగ్గా అదే జరిగింది. నాలుగేళ్ల కింద హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేయించుకున్న మనిషి, వారం నుంచి నీరసం, అన్నం సహించట్లేదు, ఊళ్లో వైద్యుడు సాయంత్రం రెండు బాటిళ్లు ఎక్కించాడు, అర్ధరాత్రి దాటాక ఎగశ్వాసతో 108లో వచ్చారు. ఆ నీరసం నీళ్లు చాలక వచ్చింది కాదు, ఎక్కువై వచ్చింది.

హార్ట్ ఫెయిల్యూర్ అనే పేరులోనే సగం భయం ఉంది. ఫెయిల్ అంటే గుండె ఆగిపోయినట్టు వినపడుతుంది. ఆగిపోతే అది కార్డియాక్ అరెస్ట్. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే అది హార్ట్ ఎటాక్. హార్ట్ ఫెయిల్యూర్ ఈ రెండూ కాదు, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ ఒంటికి కావలసినంత రక్తం పంపలేకపోతుంది, లేదా పంపాలంటే లోపల ఒత్తిడి పెంచుకోవాల్సి వస్తుంది. హార్ట్ ఎటాక్‌లో దెబ్బతిన్న కండరం వల్ల కొన్నేళ్లకు ఇది రావచ్చు, ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ వల్ల రావచ్చు, చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో పాడైన కవాటాల వల్ల రావచ్చు, కాన్పు అయిన కొత్తలో కూడా కొందరికి వస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన దగ్గర డబ్బు లేనివాళ్లకి కూడా స్టెంట్లు, బైపాస్‌లు అందాయి, బతికి బయటపడ్డారు, అది చాలా గొప్ప సంగతి. కానీ అలా బతికినవాళ్లలో కొందరు ఇప్పుడు బలహీనపడ్డ గుండెతో మళ్లీ మా వార్డుకి వస్తున్నారు. వీళ్లంతా ముసలివాళ్లే అనుకోకండి. త్రివేండ్రంలో 2013లో హార్ట్ ఫెయిల్యూర్‌తో అడ్మిట్ అయిన 1205 మందిని నమోదు చేస్తే వాళ్ల సగటు వయసు 61 దగ్గర తేలింది, పాశ్చాత్య దేశాల్లో అయితే అది 70 దాటి ఉంటుంది. ఇంకా పొలం పనికో, షాపుకో వెళ్తూ ఇంటిని నడుపుతున్న మనుషులు వీళ్లు.

గుండెకి చేసే స్కాన్, అదే ఎకో, దాని రిపోర్టులో ఉండే ఈఎఫ్ అంకె ఇంకో గందరగోళం. "ఈఎఫ్ 30 అంట సిస్టర్, అంటే గుండె ముప్పై శాతమే మిగిలిందా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్న ఇల్లాళ్లని చాలామందిని చూశాను. ఈఎఫ్ అంటే గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కసారి బిగుసుకున్నప్పుడు ఎంత శాతం బయటికి వెళ్తుందో ఆ లెక్క. ఎంత గట్టి గుండె అయినా ఉన్నదంతా నెట్టదు, 55 నుంచి 70 దాకా నెడుతుంది, మిగతాది లోపలే ఉంటుంది. కాబట్టి 30ని వందతో పోల్చకూడదు, అరవైతో పోల్చుకోవాలి. తక్కువే, కానీ మీరు భయపడుతున్నంత తక్కువ కాదు, మందులు సరిగ్గా వాడితే కొందరికి ఆ అంకె పెరుగుతుంది కూడా. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఈఎఫ్ 60 ఉన్నా హార్ట్ ఫెయిల్యూర్ ఉండొచ్చు. గుండె గోడలు గట్టిపడి సరిగ్గా సడలకపోతే రక్తం లోపల నిండడమే కష్టమవుతుంది. ఏళ్లుగా బీపీ, షుగర్, లావు ఉన్న పెద్దవయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఎకో నార్మల్ కదా, గ్యాస్ అయ్యుంటుందని వాళ్లని ఇంటికి పంపేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇంతకీ గుండె బలహీనపడితే ఒళ్లంతా నీరెందుకు పడుతుంది? ఇక్కడ కిడ్నీలు పొరపాటు పడతాయి. తీరుబడిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం పంపిస్తే అందులో ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. గుండె నీరసించి ఆ వాటా తగ్గితే, కిడ్నీలకు తెలిసేది ఒక్కటే, రక్తం తక్కువ వస్తోందని. గుండె బలహీనమైందా, ఒంట్లో రక్తమే కారిపోయిందా, నీళ్లు చాలట్లేదా అని తేడా వాటికి తెలీదు. మనిషి అడవిలో దెబ్బ తగిలి రక్తం పోగొట్టుకున్న కాలం నాటి ఏర్పాటు అది, రక్తం తగ్గిందనిపించగానే ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచమని హార్మోన్లు పంపిస్తుంది. ఆ నీళ్లు రక్తంలో చేరతాయి, అసలే మోయలేని గుండె మీద ఇంకా బరువు పడుతుంది, వెనక నిలిచిపోయిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి, కాళ్లలోకి, కాలేయంలోకి, పేగుల గోడల్లోకి ఊరతాయి. పేగులు ఉబ్బితే ఆకలి ఉండదు, రెండు ముద్దలకే పొట్ట నిండినట్టుంటుంది. ఆ ఆకలి లేకపోవడమే నీరసంగా, ఆ నీరసమే సెలైన్ అడగడానికి కారణంగా మారుతుంది. ఇంట్లో ఎప్పుడూ వేసుకునే లాసిక్స్ మాత్రనే ఇక్కడ ఇంజెక్షన్‌గా ఎందుకిస్తామంటే అదీ ఇందుకే, ఉబ్బిన పేగుల్లోంచి మాత్ర సరిగ్గా, సమయానికి ఒంటబట్టదు.

నర్సు కళ్లు ముందు చూసేది మనిషి కూర్చున్న తీరు. అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు?" ఒకటి పెట్టుకునే మనిషి మూడు పెట్టుకుంటున్నాడంటే, కుర్చీలోనే కునుకు తీస్తున్నాడంటే, నిద్రపట్టిన గంట రెండు గంటలకి ఉక్కిరిబిక్కిరై లేచి కిటికీ దగ్గరికి వెళ్తున్నాడంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టే. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది, అందుకే ఇది రాత్రిపూట జబ్బులా కనిపిస్తుంది. ముగ్గు వేయడానికి వంగినా, చెప్పుల పట్టీ పెట్టుకోబోయినా ఆయాసం వస్తోందంటే అది కూడా చెప్పాలి. పడుకుంటే దగ్గొచ్చి, కూర్చుంటే తగ్గుతోందంటే దగ్గు సిరప్‌తో నెట్టుకురావద్దు.

కాళ్ల వాపు చూడటం అందరికీ వచ్చు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. పక్షవాతంతో మూడు నెలలుగా మంచం పట్టిన ఒక ముసలమ్మ వచ్చింది, చీలమండల దగ్గర బొటనవేలితో నొక్కి చూశాను, గుంట పడలేదు, వాపు లేదని రాసేశాను. రౌండ్స్‌కి ముందు మా సీనియర్ సిస్టర్ వచ్చి ఆ కాగితం చూసి ఏమీ అనకుండా, నన్ను ఒక పక్క పట్టుకోమని ఆమెని మెల్లగా పక్కకి తిప్పి, నడుము కింద ఎముక దగ్గర వేలితో ఐదు సెకన్లు నొక్కి తీసింది. చపాతీ పిండిలో వేలు గుచ్చినట్టు గుంట పడింది, ఎంతసేపటికీ నిండలేదు. నీరు పల్లానికి దిగుతుంది, నడిచే మనిషికి పాదాలు పల్లం, పడుకుని ఉండే మనిషికి వీపు పల్లం. ఆ రోజు నుంచి మంచం మీది పేషెంటుని తిప్పి చూడకుండా వాపు గురించి ఒక్క అక్షరం రాయలేదు. అక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది, నీరు పట్టిన చర్మం తడిసిన కాగితంలా ఉంటుంది, రెండు గంటలకోసారి భంగిమ మార్చకపోతే ఒకటి రెండు రోజుల్లోనే పుండు పడుతుంది.

ఎమర్జెన్సీలో మొదటి గంట సంగతి త్వరగా చెప్తాను. తల వైపు మంచం పైకి లేపి దాదాపు నిటారుగా కూర్చోబెడతాం, వీలైతే కాళ్లు కిందికి వేలాడేలా పెడతాం. పడుకోబెట్టమని బంధువులు తొందరపడతారు, అది మాత్రం చేయకూడదు. ఆక్సిజన్ అందరికీ పెట్టం, వేలికి పెట్టే మీటర్లో 90 కంటే తగ్గినప్పుడే పెడతాం, అనవసరంగా ఎక్కువ ఆక్సిజన్ ఇవ్వడం వల్ల మేలు లేదు. లాసిక్స్ ఇంజెక్షన్ ఐదు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది, అర గంటకి జోరుగా ఉంటుంది. దాన్ని నెమ్మదిగా ఎక్కించాలి, పెద్ద డోసులైతే నిమిషానికి 4 మిల్లీగ్రాములు మించకుండా, లేకపోతే చెవుల్లో హోరు, వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. పక్కనే నిలబడి ఇంత సేపు సిరంజి పట్టుకుందేంటని మీకు అనిపిస్తే కారణం ఇది. ఆ తర్వాత గంట గంటకీ యూరిన్ బ్యాగు చూస్తాం. మొదటి ఆరు గంటల్లో గంటకి 100, 150 మిల్లీలీటర్లు కూడా రావట్లేదంటే ఆ డోసు చాలట్లేదని అర్థం, పొద్దున రౌండ్స్ దాకా ఆగకుండా డ్యూటీ డాక్టర్‌కి అప్పుడే ఫోన్ చేయాలి. బ్యాగు నిండిందా లేదా అని నర్సు వంగి చూడటం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, మందు పనిచేస్తోందో లేదో ముందుగా తెలిసేది అక్కడే.

ఆయాసం తగ్గాక అసలు పని మొదలవుతుంది, అదే రోజువారీ లెక్క. ఎన్ని నీళ్లు తాగారు, ఎంత మూత్రం పోశారు, బరువు ఎంత. ఈ మూడింటిలో నేను ఎక్కువగా నమ్మేది బరువుని. తాగిన లెక్క ఎప్పుడూ సరిగ్గా ఉండదు, చూడ్డానికి వచ్చిన బావమరిది పోసిన జ్యూస్ ఎవరూ చెప్పరు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చిన రెండుసార్లు కొలవడం మర్చిపోతారు. బరువు మాత్రం దాచదు. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు, అంతే. రాత్రికి రాత్రి కిలో పెరిగినవాడు కిలో కొవ్వు పెంచుకోలేడు, అది నీరే. కానీ బరువు చూసే పద్ధతి ఒకటి ఉంది. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీ టిఫిన్ ముట్టకముందు, అదే మెషిన్ మీద, ఇంచుమించు అవే బట్టలతో, మెషిన్ గచ్చు మీద సమంగా పెట్టి చూడాలి. ఒక రోజు లుంగీతో, ఒక రోజు ప్యాంటు, బెల్టు, జేబులో ఫోన్‌తో చూస్తే ఆ అంకెలతో ఏ ఉపయోగం లేదు. రెండు సెలైన్లు ఎక్కించుకుని వచ్చిన ఆ పెద్దాయన మర్నాడు 66.8 కిలోలు ఉన్నారు, ఆరో రోజుకి 58.5కి దిగి అక్కడ నిలబడ్డారు, ఆయాసం లేదు, గుంట పడట్లేదు, ఒక దిండుతో పడుకుంటున్నారు. అంటే ఎనిమిది లీటర్ల పైచిలుకు నీటిని మోస్తూ తిరిగారన్నమాట. నిండు బిందె చంకన పెట్టుకుని రోజంతా నడిచినట్టు. మేం డ్రై వెయిట్ అనేది ఈ 58.5నే, ఇంటికెళ్లాక దీన్ని బట్టే అంతా చూసుకోవాలి.

తాగే లెక్కలో మన తిండితో ఒక చిక్కు ఉంది. "రోజుకి లీటరున్నర తాగండి" అంటే మనవాళ్లు మంచినీళ్లు మాత్రమే లెక్కపెడతారు. చారు, సాంబారు, పలచటి మజ్జిగ, రాగిజావ, టీలు, పాలు ఇవన్నీ ఏ ఖాతాలో పోతాయి? అన్నంలో పోసుకున్న మజ్జిగ నీళ్లు కాదా? అందుకని నేను చెప్పేది ఇలా ఉంటుంది. పొద్దున్నే లీటరున్నర నీళ్లు ఒక సీసాలో పోసి పెట్టుకోండి, టీ తాగితే గ్లాసుడు, చారు పోసుకుంటే గరిటెడు ఆ సీసాలోంచి పారబోయండి, మిగిలిందే మీరు తాగాల్సినవి. కళ్ల ముందు తగ్గుతుంటే మనిషికి అర్థమవుతుంది. ఇంట్లో స్టీలు గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో ఒకసారి కొలిచి చూసుకోమంటాను, 150 పట్టేదీ 300 పట్టేదీ రెండూ గ్లాసే అంటాం మనం. నోరు ఎండిపోతుంటే పుక్కిలించి ఉమ్మేయడం, నిమ్మ చెక్క చీకడం, చిన్న ఐసుముక్క చప్పరించడం సాయపడతాయి. దాహం వేస్తున్న మనిషికి నీళ్లు వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుసు, మే నెలలో మరీను.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. నీళ్లు అందరికీ బిగించాలన్న పాత నమ్మకం కొంచెం సడలుతోంది. నెదర్లాండ్స్‌లో 504 మంది నిలకడగా ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల మీద చేసి 2025లో వెలువరించిన ఫ్రెష్-అప్ అధ్యయనంలో, లీటరున్నరకి పరిమితం చేసినవాళ్లకీ స్వేచ్ఛగా తాగనిచ్చినవాళ్లకీ ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, బిగించినవాళ్లని దాహం మాత్రం ఎక్కువ బాధపెట్టింది. ఉప్పు గురించి 2022లో వచ్చిన సోడియం-హెచ్ఎఫ్ అధ్యయనం కూడా ఉప్పుని మరీ గట్టిగా తగ్గించడం వల్ల మరణాలు, ఆసుపత్రి పాలవడం తగ్గినట్టు చూపలేదు. ఇవి చదివి ఒకాయన వాట్సాప్‌లో నాకే పంపించి "చూశారా సిస్టర్, ఇంక ఆవకాయ తినొచ్చు" అన్నారు. కాస్త ఆగండి. మొదటిది ఇంట్లో నిలకడగా ఉన్నవాళ్ల గురించి, ఉబ్బిపోయి వార్డులో ఉన్నవాళ్ల గురించి కాదు, రక్తంలో సోడియం పడిపోయినవాళ్ల గురించి అసలే కాదు. రెండో దాంట్లో పాల్గొన్నవాళ్లు మొదలుపెట్టేటప్పటికే రోజుకి అయిదున్నర గ్రాముల ఉప్పు దగ్గర ఉన్నారు. మన పళ్లెం చూడండి, ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు, కోస్తా వైపైతే ఎండుచేపలు, చివర్లో ఉప్పేసిన మజ్జిగ. అయిదున్నర నుంచి ఇంకా కిందికి దించితే లాభం లేదన్న మాటని పట్టుకుని, దానికి ఎంతో పైనున్న మనం తగ్గించక్కర్లేదనుకోవడం తప్పు. నేనైతే చప్పిడి కూడు తినమని చెప్పను, అలా చెప్తే రెండు రోజులు తిని మూడో రోజు అన్నం మానేస్తారు, ఒళ్లు కరిగిపోతుంది. కూరలో ఉప్పు సగం చేసి నిమ్మకాయ, చింతపండు, మిరియాలు, కొత్తిమీర, వెల్లుల్లి పెంచమంటాను, ఊరగాయ జాడీని మాత్రం భోజనాల దగ్గర నుంచి తీసేయమంటాను.

కొబ్బరి బొండాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆసుపత్రికి వచ్చే ప్రతి చుట్టం చేతిలో అదే ఉంటుంది. లాసిక్స్ పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది, అది తగ్గితే గుండె లయ తప్పుతుంది, కాబట్టి పొటాషియం ఎక్కువుండే కొబ్బరి నీళ్లు మంచిదేగా అంటారు. కానీ అదే పేషెంటు ఆల్డాక్టోన్ అనే ఇంకో మాత్ర కూడా వాడుతుంటాడు, అది పొటాషియాన్ని పట్టి ఉంచుతుంది, బీపీ గుండె మాత్రల్లో కొన్ని కూడా అంతే, కిడ్నీ కొంచెం దెబ్బతిని ఉంటే ఇంకా పెరుగుతుంది. పొటాషియం తగ్గినా ప్రమాదమే, పెరిగినా ప్రమాదమే, పైకి రెండూ ఒకేలా నీరసంగా కనిపిస్తాయి. రక్తపరీక్ష చూడకుండా ఇవ్వాలో మానాలో నేనూ చెప్పలేను. షాపుల్లో సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో ఆ తగ్గించిన చోట వేసేది పొటాషియమే, మంచిదనుకుని ఆ ప్యాకెట్ కొనేముందు డాక్టర్‌ని అడగండి.

మాత్రల దగ్గర ఇంట్లో జరిగే గొడవ ఇంకోటి. ఈఎఫ్ తగ్గినవాళ్లకి ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తున్నారు, నాలుగూ నాలుగు దారుల్లో ఆ పొరపాటు హార్మోన్లని, గుండె మీది బరువుని తగ్గిస్తాయి. వాటిలో డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది మొదట షుగర్ మందుగా వచ్చింది. 2019లో డాపా-హెచ్ఎఫ్ అధ్యయనం షుగర్ లేనివాళ్ల గుండెకి కూడా అది మేలు చేస్తుందని చూపించింది. ఇంటికెళ్లాక మందుల షాపు అబ్బాయి "ఇది షుగర్ బిళ్ల కదా, మీకు షుగర్ లేదుగా" అంటాడు, అంతే, ఆ మాత్ర ఆగిపోతుంది. అందుకే డిశ్చార్జి రోజున ప్రతి స్ట్రిప్పు చేతిలో పెట్టి ఇది దేనికో వాళ్ల నోటితోనే చెప్పిస్తాను. ఇది వాడేవాళ్లు మర్మాంగాల దగ్గర శుభ్రంగా, పొడిగా ఉంచుకోవాలి, ఫంగస్ పట్టే అవకాశం ఉంది. సిగ్గుపడి ఎవరూ అడగరు కాబట్టి మేమే చెప్పాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఈ మాత్ర, లాసిక్స్ వేసుకోవాలా ఆపాలా అని ఫోన్ చేసి అడగాలి. బీపీ పై అంకె 100 చూసి కంగారుపడి మాత్రలు మానేసేవాళ్లు చాలామంది, కళ్లు తిరగకుండా, మూత్రం బాగా వస్తూ ఉంటే ఆ బీపీ ఈ జబ్బులో చాలామందికి సరిపోతుంది. లేచేటప్పుడు మాత్రం మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. లాసిక్స్ రెండుపూటలా రాస్తే రెండోది సాయంత్రం నాలుగు లోపే వేయండి, రాత్రి పదికి వేస్తే తెల్లవార్లూ బాత్రూమ్‌కి పరుగే, చీకట్లో జారి తుంటి విరిగిన పెద్దవాళ్లున్నారు.

వీటన్నిటి కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేవి మోకాళ్ల నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల చేత ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేలా చేస్తాయి, లాసిక్స్ పనిని అడ్డుకుంటాయి. చీటీ లేకుండా పది రూపాయలకి దొరుకుతాయి, పేషెంటు దృష్టిలో అవి మందుల లెక్కలోకే రావు. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే చెప్పరు, "కీళ్ల నొప్పులకి ఏమైనా తెచ్చుకుంటారా పెద్దమ్మా?" అని విడిగా అడిగితే పైటకొంగు ముడి విప్పి చూపిస్తారు. మళ్లీ మళ్లీ అడ్మిట్ అవుతున్న మనిషిని చూసినప్పుడల్లా నేను ముందు వెతికేది ఆ కొంగు ముడిలోనే.

ఇవి కాక పుస్తకంలో ఒక్కో వరుసలో పోయే పనులు వార్డులో రోజంతా తింటాయి. ముక్కి విరేచనానికి వెళ్లకుండా మలబద్ధకం చూసుకోవడం, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినిపించడం, ఆయాసం తగ్గిన రోజు నుంచే మంచం పక్కన నాలుగడుగులు వేయించడం. ఇంట్లో వాళ్లు "కదలకు నాన్నా" అని మంచానికి అతికించేస్తారు, దానివల్ల కండ కరుగుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. మాట్లాడుతూ నడవగలిగినంత నడక మంచిదే, మాట తెగిపోతుంటే ఆగాలి. ఇంకా జబ్బు పేరు పేషెంటుకి చెప్పొద్దని కొడుకులు మమ్మల్ని పక్కకి పిలిచి చెప్తారు, టెన్షన్ పడతాడని. ప్రేమతోనే. కానీ తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియని మనిషి ఎవరూ చూడనప్పుడు ఉప్పుచేప తింటాడు, రాత్రి ఆయాసమొస్తే పిల్లల్ని లేపడమెందుకని తెల్లారేదాకా కూర్చుంటాడు. చెప్పే పద్ధతిలో చెప్పాలి, చెప్పకుండా మాత్రం ఉండకూడదు.

ఆ పెద్దాయన డిశ్చార్జి ముందు రోజు ఆయన్నీ, వంట చేసే భార్యనీ, ఫోన్ పట్టుకోవడం వచ్చిన మనవరాలినీ ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. కొడుకుని కాదు, ఎందుకంటే ఆ అబ్బాయి వారానికి ఆరు రోజులు హైదరాబాద్‌లో ఉంటాడు. మూడు విషయాలు చెప్పి, మూడూ వాళ్ల చేత తిరిగి చెప్పించుకున్నాను. రోజూ పొద్దున బరువు రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఒక్క రోజులో కిలో దాటినా ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, దగ్గితే గులాబీ రంగు నురగ పడినా ఫోన్లు కాదు, 108. ఊళ్లో ఎవరైనా సెలైన్ పెడతానంటే గుండె జబ్బు కాగితం చూపించకుండా చెయ్యి చాపొద్దని పెద్దామెకి నాలుగోసారి కూడా చెప్పాను. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా చీటీ రాయించాను, ఛాతీ జలుబు ఒక్కటి చాలు ఈ గుండెల్ని మళ్లీ ముంచడానికి. పది రోజుల్లో రివ్యూకి రమ్మన్నాం, మొదటి రెండు వారాలే చాలా నాజూకైన సమయం కాబట్టి.

రెండో రివ్యూకి ఆ అమ్మాయి లెక్కల నోటుబుక్కు తెచ్చింది. వెనక పేజీలో రూళ్లు గీసి తేదీ, బరువు, మాత్రలు అని మూడు గళ్లు వేసుకుంది. 58.4, 58.6, 58.5, అలా దిగువకి వెళ్తుంటే ఒకచోట 59.7, మర్నాడు 60.6. దాని పక్కన ఎర్ర పెన్నుతో "బాబాయి పెళ్లి, తాతయ్య పులిహోర, పెరుగు వడ, ఆవకాయ" అని, కింద "సిస్టర్‌కి ఫోన్ చేశాం, డాక్టర్ గారు లాసిక్స్ రెండు రోజులు పెంచారు" అని రాసి ఉంది. నాలుగు రోజుల తర్వాత గడిలో 58.6.